నూనె ట్యాంకులకూ చరిత్ర ఉంది: నెల్లూరు తీరంలో సిరుల యాత్రకు ఆధారాలు ఎంతవరకు?

ప్రశ్న ఏమిటి?

ఒక సరుకుకు ఒక్కసారిగా గిరాకీ పుడితే అది దొరికే ఊరి రూపమే మారిపోతుంది. ఆ డబ్బు మేడలవుతుంది, వీధులవుతుంది, థియేటర్లవుతుంది. సరుకు అయిపోయాక కూడా కట్టడాలు నిలిచి ఉంటే, వాటిని చూపిస్తూ కథ చెప్పే గైడు వస్తాడు. అజర్‌బైజాన్ రాజధాని బాకూలో పెట్రోలియం కాలపు మేడల మధ్య నడిపించే యాత్రలు ఇలా పుట్టినవే.

నెల్లూరు తీరంలోనూ నూనె ఉంది. అది నేలలోంచి వచ్చింది కాదు, ఓడల్లో వచ్చింది. బండ్లలో పోసుకునేది కాదు, బాణలిలో పోసుకునేది. ముత్తుకూరు మండలం పంటపాళెం దగ్గర, కృష్ణపట్నం ఓడరేవును ఆనుకొని, వంటనూనె శుద్ధి కర్మాగారాలు వరుసగా వెలిశాయి. అదే తీరం అంతకుముందు రొయ్యల జోరు చూసింది. దాని వెనుక మెట్ట ప్రాంతం ఇంకా ముందు అభ్రకం జోరు చూసింది. ఈ మూడింటినీ కలిపి, కట్టడాల ఆధారంగా ఒక మార్గదర్శక యాత్ర రూపొందించవచ్చా? రూపొందిస్తే అందులో ఏ మాటకు ఎంత బలం ఉంటుంది? ఈ వ్యాసం పరిశీలించేది ఇదే.

ఆధారాలను ఇక్కడ మూడు రకాలుగా చూస్తున్నాం. ఒకటి కాగితం: శాసనం, చట్టం, తీర్పు, సుంకం నోటిఫికేషన్. రెండోది కట్టడం: నేటికీ కళ్ళ ముందున్నది. మూడోది నోటిమాట: ఊళ్ళో చెప్పుకునేది. మూడూ విలువైనవే. కానీ ఒకదాని పనిని ఇంకొకదానితో చేయించకూడదు.

పోల్చడానికి మూడు ఊళ్ళు

బాకూలో 1872లో చమురు భూములను వేలం వేశారు. నోబెల్ సోదరుల కంపెనీ 1879లో ఏర్పడింది. 1883లో బాకూ నుంచి నల్ల సముద్రపు రేవు బటూమికి రైలుమార్గం పూర్తయింది. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి ప్రపంచపు చమురులో దాదాపు సగం అక్కడి నుంచే వచ్చేది. ఆ సంపన్నులు సొంత ఊళ్ళోనే ఇళ్ళు కట్టుకున్నారు. జైనలాబిదీన్ తగియేవ్ నివాసం నేడు జాతీయ చరిత్ర మ్యూజియం. మూసా నాగియేవ్ చనిపోయిన కొడుకు జ్ఞాపకంగా కట్టించిన ఇస్మాయిలియా భవనం నేడు విజ్ఞాన అకాడమీ కార్యాలయం. ఊరికి దగ్గరలోని సురాఖానీ అగ్నిఆలయం గోడలపై దేవనాగరి, గురుముఖి లిపుల్లో శాసనాలున్నాయి. చమురు జోరుకు ముందే భారతీయ వర్తకులు అక్కడికి చేరారనడానికి అవి రాతి సాక్ష్యాలు.

అమెరికాలోని టల్సాది ఇంకో రకం. 1905లో దగ్గరలోని గ్లెన్ పూల్‌లో చమురు పడింది. కంపెనీల ప్రధాన కార్యాలయాలు టల్సాకు వచ్చాయి. 1928 నాటి ఫిల్‌టవర్, 1929 నాటి బోస్టన్ అవెన్యూ చర్చి ఆ డబ్బు ఊళ్ళోనే ఖర్చయిందని చెప్పే కట్టడాలు.

మూడోది మన దేశంలోనిదే, అస్సాంలోని డిగ్‌బోయ్. అక్కడి శుద్ధి కర్మాగారం 1901లో మొదలైంది. యాజమాన్యం బయటిది. అందుకే అక్కడ మిగిలినవి కోటీశ్వరుల మేడలు కావు. గుట్టల మీద అధికారుల బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం, శతాబ్ది సందర్భంగా ఏర్పడిన మ్యూజియం.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక ప్రతిపాదన చేయవచ్చు. సరుకు విలువ ఎంత అన్నదానికంటే, యజమాని ఎక్కడ కాపురముంటాడు, పనివాళ్ళు ఎక్కడ పడుకుంటారు అన్నవే ఊరి నిర్మాణాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. మూడు ఊళ్ళతో సూత్రం రుజువైపోదు. కానీ నెల్లూరు తీరాన్ని చదవడానికి ఇది పనికొచ్చే ప్రశ్ననిస్తుంది.

పామాయిల్ కట్టిన ఊరు

కృష్ణపట్నం ఓడరేవు అభివృద్ధికి కన్సెషన్ ఒప్పందం 2004 నాటిది. 2008 జూలైలో వాణిజ్య కార్యకలాపాలు మొదలయ్యాయి. 2020లో అదానీ పోర్ట్స్ 75 శాతం వాటా కొనుక్కుంది. మరుసటి ఏడాది మిగతాది కూడా తీసుకుంది. 2019 సెప్టెంబరులో ఓబులవారిపల్లె–వెంకటాచలం రైలుమార్గం ప్రారంభమైంది. వెలికొండల కింద ఆరున్నర కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగంతో అది రాయలసీమను ఈ రేవుకు దగ్గర చేసింది.

నూనె ఇక్కడికెందుకు వచ్చింది? మనం తినే వంటనూనెలో సగానికి పైగా విదేశాలదే. ఏటా కోటిన్నర టన్నులకు అటూ ఇటూగా వస్తోంది. అందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియాల పామాయిల్‌ది. 1994లో పామోలిన్ దిగుమతిని ప్రైవేటు వర్తకులకు తెరిచారు. రేషన్ షాపులో క్యూ కట్టి పామోలిన్ తెచ్చుకున్న తరానికి ఆ నూనె అంతకుముందే పరిచయం. ఇక లోతైన రేవు, చెన్నై, రాయలసీమ, తెలంగాణ, కర్ణాటక మార్కెట్లకు దారి తోడయ్యాక శుద్ధి కర్మాగారాలు రేవు వాకిట్లోకే వచ్చాయి.

ఇదంతా భౌగోళిక కారణం. దీనికంటే బలమైన కాగితం ఇంకొకటుంది: కస్టమ్స్ సుంకం. ముడి నూనెపై తక్కువ సుంకం, శుద్ధి చేసి తెచ్చిన నూనెపై ఎక్కువ సుంకం ఉంటేనే మన రేవులో శుద్ధి చేయడం గిట్టుబాటవుతుంది. 2024 సెప్టెంబరులో ముడి నూనెపై మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి, శుద్ధి నూనెపై 12.5 నుంచి 32.5 శాతానికి పెంచారు. 2025 మే చివర ముడి నూనెపై సుంకాన్ని 10 శాతానికి తగ్గించి, శుద్ధి నూనెపై ఉన్నదాన్ని అలాగే ఉంచారు. రెంటికీ మధ్య తేడా పెరిగింది, స్థానిక శుద్ధికి ఊపిరి దొరికింది. పంటపాళెం కర్మాగారాలు ఎందుకున్నాయో చెప్పే పత్రాల్లో ఇంజనీరు గీసిన ప్లానుతో పాటు ఈ నోటిఫికేషన్‌నూ చేర్చాలి.

ఇక కట్టడాన్ని దగ్గర నుంచి చూద్దాం. పామాయిల్ స్వభావం నీళ్ళలాంటిది కాదు. కాస్త చల్లబడితే గడ్డకడుతుంది. అందుకే ఓడలో ఉండగానే దాన్ని వెచ్చబెడతారు. రేవు నుంచి ట్యాంకు దాకా వచ్చే గొట్టాల పైన వేడి పోకుండా మందపాటి తొడుగు, దాని మీద మెరిసే రేకు ఉంటాయి. ట్యాంకు అడుగున ఆవిరి చుట్టలుంటాయి. ఆవిరి కావాలి కాబట్టి బాయిలరుంటుంది, బాయిలరుంది కాబట్టి పొగగొట్టముంటుంది. లోపల ముందుగా జిగురు తీస్తారు. తర్వాత బ్లీచింగ్ మట్టితో రంగు తీస్తారు. చివరికి శూన్య పీడనంలో 240 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి దగ్గర ఆవిరి పోనిచ్చి వాసన తీస్తారు. ఆ వాసన తీసే డియోడరైజర్ నిలువుగా ఎదిగిన యంత్రం. అందుకే కర్మాగారంలో అన్నిటికన్నా ఎత్తున కనిపించే భాగాల్లో అదొకటి. నూనెను నెమ్మదిగా చల్లార్చి వడగడితే పామోలిన్ ఒకవైపు, గట్టిపడిన స్టీరిన్ ఇంకోవైపు వస్తాయి. స్టీరిన్ సబ్బులకు, వనస్పతికి పోతుంది.

అంటే బయటి నుంచి చూసినా ఒక్కో ఆకారానికి ఒక్కో కారణం చెప్పవచ్చు. బాకూ మేడ మీది శిల్పం యజమాని అభిరుచిని చెబుతుంది. పంటపాళెం ట్యాంకు మీది తొడుగు సరుకు గుణాన్ని చెబుతుంది. రెండూ నిర్మాణ చరిత్రే.

యాజమాన్యపు ప్రశ్న ఇక్కడ వేస్తే జవాబు స్పష్టం. ఈ సంస్థల ప్రధాన కార్యాలయాలు పెద్ద నగరాల్లో ఉన్నాయి. కొన్నింటి మూలాలు విదేశీ భాగస్వామ్యాల్లో ఉన్నాయి. నూనె డబ్బుతో లేచిన మేడల వీధి కృష్ణపట్నంలో కనిపించదు. డిగ్‌బోయ్ తరహా బంగళాల గుట్ట కూడా లేదు. మిగిలిన రూపమల్లా ట్యాంకులు, గొట్టాలు, కాంపౌండు గోడలు, వాటి ముందు బారులు తీరిన ట్యాంకరు లారీలు. దీన్నిబట్టి స్థానికులకు లాభం దక్కలేదని తేల్చేయలేం. జీతాలు, భూమి ధరలు, లారీల కిరాయిలు మేడల రూపంలో కనిపించాలని లేదు. కట్టడం చెప్పేది ఇంతవరకే: లాభాన్ని ప్రదర్శించే చోటు ఇది కాదు.

అడుగు పొర: రొయ్యల గుంటలు

ట్యాంకుల నుంచి కొంత దూరం వస్తే దృశ్యం చదునవుతుంది. కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే కండలేరు ఉప్పుటేరుకు ఇరువైపులా రొయ్యల గుంటలు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య ధర ఈ నేలల రూపురేఖలు మార్చేసింది. పైర్లకు పనికిరాని చవుడు నేలకు కౌలు పుట్టింది. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలకు గుంటలు ఖాళీ చేసింది.

ఈ పొరకు కాగితపు ఆధారం గట్టిది. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై తీర్పు ఇచ్చింది. తీర నియంత్రణ మండలంలోను, చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు కూడా గుంటలు ఉండరాదంది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి సాగుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక రెండో జోరు మొదలైంది.

కట్టడాల సంగతికొస్తే, గుంట కూడా ఒక నిర్మాణమే. కట్ట ఎత్తు, తూము చోటు, మోటారు షెడ్డు, కాపలా గుడిసె, నీళ్ళను చిలికే ఏరేటర్లు. ఏరేటర్లకు కరెంటు కావాలి కాబట్టి ఒకప్పుడు చీకటిగా ఉన్న ఉప్పునేలల్లోకి స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాయి. పాడుబడిన గుంటలో ఏరేటరు ఉండదు, కట్ట కోసుకుపోయి ఉంటుంది. నడుస్తున్నదానికీ వదిలేసినదానికీ తేడా దారిన పోయే మనిషి కూడా గుర్తుపట్టగలడు. అయితే ఒక గుంట వైరస్ వల్ల మూతబడిందా, తీర్పు వల్లనా, ధర పడిపోయినందువల్లనా అన్నది కట్టను చూసి చెప్పకూడదు. ఆ మాట రైతు నోట వినాలి, రిజిస్ట్రేషన్ కాగితంతో సరిచూడాలి.

ఇంకా కింది పొర: అభ్రకం

తీరం నుంచి పడమరకు, గూడూరు దాటి సైదాపురం, కలిచేడు వైపు వెళితే ఇంకా పాత జోరు జాడలున్నాయి. నెల్లూరు ఆకుపచ్చ అభ్రకం ప్రపంచ మార్కెట్లో పేరున్న సరుకు. 1911 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా ఇనికుర్తి గనిలో పది అడుగుల అడ్డుకొలత గల అభ్రకపు దిమ్మలు దొరికాయని రాసింది. కరెంటు పరికరాలకు, రేడియో వాల్వులకు, కండెన్సర్లకు అభ్రకపు పొర తప్పనిసరిగా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, అమెరికాలు ఉమ్మడిగా ఒక మిషన్ పెట్టి మరీ భారత అభ్రకాన్ని కొన్నాయి. యుద్ధానంతరం గిరాకీ తగ్గింది. వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు, సహజ అభ్రకం స్థానంలో ప్రత్యామ్నాయాలు వచ్చాయి.

అభ్రకం పనిలో యంత్రం పాత్ర చిన్నది, చేతి పాత్ర పెద్దది. దిమ్మను కత్తి మొనతో విడదీస్తే పొర వెంట పొర ఊడివస్తుంది. మరకను, పగులును, రంగును వెలుతురుకు పట్టి చూసి తరగతులుగా వేరుచేయాలి. ఈ పొరలు తీసే పనిలో ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవారు. కాబట్టి అభ్రకపు జోరు కోరిన కట్టడం వెలుతురు బాగా పడే షెడ్డు.

ఇక్కడ ఒక కాగితం కట్టడంగా మారింది. 1946 నాటి అభ్రకం గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం ఎగుమతి అయ్యే సరుకుపై పన్ను వేసి, ఆ డబ్బును కార్మికుల వైద్యానికి, చదువుకు కేటాయించింది. కలిచేడులో ఆ నిధి ఆసుపత్రి వెలిసింది. మన మూడు జోరుల్లో, సరుకు మీది పన్ను నేరుగా కార్మికుడి కోసం కట్టడమైన ఉదాహరణ ఇదే. నా దృష్టిలో ఏ మేడకంటే కూడా ఈ యాత్రలో ఎక్కువ సేపు నిలబడవలసిన చోటు అదే.

రేవు అంతకుముందే రేవు

కృష్ణపట్నం కథ 2008లో మొదలవలేదు. పదమూడో శతాబ్దపు తెలుగు చోడుల కాలంలో దీన్ని కొల్లితురై అనీ, గండగోపాలపట్టణం అనీ శాసనాలు పిలిచాయి. వర్తక సంఘాలు ఈ రేవులో దిగే, ఎక్కే సరుకులపై కొంత భాగాన్ని అక్కడి శివాలయానికి ఇచ్చేలా ఒప్పుకున్నాయి. రేవు రాబడి గుడికి చేరడం, గనుల పన్ను ఆసుపత్రికి చేరడం ఒకే వరుసలో పెట్టి ఆలోచించదగ్గవి. అయితే నేటి పేరు కృష్ణదేవరాయల నుంచి వచ్చిందన్న మాటను నోటిమాటగానే చెప్పాలి.

బకింగ్‌హాం కాలువ ఇంకో పొర. మద్రాసు నుంచి ఉత్తరానికి 1806లో తవ్వకం మొదలై, దశలవారీగా నెల్లూరు తీరం మీదుగా సాగింది. 1877–78 కరువులో కూలి పనిగా కొంత భాగం తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు దీనికి నిలిచింది. ఉప్పు, కట్టెలు ఈ కాలువ పడవల్లో మద్రాసుకు వెళ్ళేవి. ఈ తీరపు సరుకు విలువ దక్షిణాన ఉన్న పెద్ద నగరానికి చేరే దారి అప్పటికే ఉందనడానికి కాలువే రుజువు.

మరి నెల్లూరు పట్టణంలోని పాత గొప్ప కట్టడాల సంగతి? రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం, వెంకటగిరి రాజా కళాశాల వంటివి ఈ మూడు జోరుల ఫలితాలు కావు. జమీందారీ, భూస్వామ్యపు దానాలవి. 1855లో పెన్నపై ఆనకట్ట పూర్తయ్యాక వరి సాగుకు వచ్చిన నిలకడ ఆ భూముల విలువకు పునాది. ఈ వ్యత్యాసమే పోలికకు ప్రాణం. నిలకడగా పండే భూమి యజమానిని పక్కనే ఉంచింది, ఆయన పేరుతో ఊళ్ళో మందిరం లేచింది. జోరుగా వచ్చిపోయే సరుకు అలా ఉంచలేదు. ఈ పోలిక ఒక సూచన మాత్రమే. దీన్ని సూత్రమనడానికి దస్తావేజుల పరిశీలన కావాలి.

యాత్ర ఎలా ఉండాలి?

ఒక రోజు దారి ఇలా వేయవచ్చు. ఉదయం పెన్న ఆనకట్ట, పురమందిరం దగ్గర వరి సంపద గురించి. అక్కడి నుంచి పాతిక కిలోమీటర్ల లోపు ప్రయాణంలో ముత్తుకూరు దారిలో రొయ్యల గుంటలు. తర్వాత పంటపాళెం. చివర కృష్ణపట్నంలో శివాలయం, కాలువ. అభ్రకానికి గూడూరు, కలిచేడు వైపు విడిగా ఒక పూట కేటాయించాలి. జోరులను కాలక్రమంలో చూడాలనుకుంటే ఆ పూటే ముందు పెట్టుకోవాలి.

కొన్ని హద్దులున్నాయి. ఓడరేవు కస్టమ్స్, భద్రతా నిబంధనల కింద ఉన్న చోటు. అనుమతి లేకుండా లోపలికి పోలేం. కర్మాగారాల్లో వేడి నూనె, ఆవిరి, ఎడతెగని లారీల రాకపోకలు ఉంటాయి. కాబట్టి చూడడం బహిరంగ రోడ్డు మీద నుంచే. ఇది లోటు అనిపించవచ్చు కానీ, తొడుగు వేసిన గొట్టం, నిలువు స్తంభంలాంటి డియోడరైజర్, ఆవిరి కక్కే బాయిలరు బయటి నుంచే చదవగలిగినవి. పాత గని గోతుల దగ్గరికి మాత్రం ఎవరినీ తీసుకెళ్ళకూడదు.

గైడు మాటకు క్రమశిక్షణ అవసరం. ప్రతి ఆగిన చోటా "ఇది కాగితంలో ఉంది", "ఇది కళ్ళ ముందుంది", "ఇది ఊరివాళ్ళు చెప్పింది" అని విడదీసి చెప్పాలి. ఓడరేవుకు, విద్యుత్ కేంద్రాలకు భూములు పోయిన పల్లెల మాట, నేలటూరు వైపు కనిపించే థర్మల్ కేంద్రపు పొగగొట్టాలు చూపించినప్పుడు తప్పక రావాలి. మత్స్యకారుల మాట వాళ్ళనే చెప్పనివ్వాలి, వాళ్ళకు ఆ పూట కూలి కట్టివ్వాలి. జోరును పొగిడే యాత్రగానో, తిట్టే యాత్రగానో మార్చితే రెండు విధాలా ఆధారాన్ని మించి మాట్లాడినట్టే.

ముగింపు

ఇంతవరకు చూసిన దాన్నిబట్టి నెల్లూరు తీరంలో బాకూ తరహా యాత్ర సాధ్యం కాదు, ఎందుకంటే చూపడానికి ఆ మేడలు లేవు. కానీ సరుకు గుణం, సుంకం, తీర్పు, సంక్షేమ చట్టం కట్టడాల మీద ఎలా ముద్ర వేస్తాయో చూపే యాత్ర సాధ్యమే. దానికి కావలసిన కాగితపు ఆధారం బలంగానే ఉంది. పని వెంటనే మొదలవ్వాలి. రాతి మేడ నూరేళ్ళు నిలుస్తుంది. ఉక్కు ట్యాంకు అలా కాదు. సుంకంలో తేడా చెరిగిపోయినా, ఎగుమతి చేసే దేశం తలుపు మూసినా (2022 ఏప్రిల్–మే నెలల్లో ఇండోనేషియా మూడు వారాలకు పైగా మూసింది) వ్యాపారం తడబడుతుంది, ట్యాంకు తుక్కు కింద అమ్ముడుపోతుంది. అభ్రకం పొరలు తీసిన తరం ముసలిదైపోయింది. జిల్లాలోని కళాశాలల చరిత్ర, సివిల్ ఇంజనీరింగ్ విభాగాలు కలిసి ఈ దారి పొడవునా షెడ్లు, గుంటలు, గొట్టాల కొలతలు తీసి, ఆ పనుల్లో బతికినవాళ్ళ మాటలు వాళ్ళ అనుమతితో రికార్డు చేయాలి. గైడు పుస్తకం దాని తర్వాతే రాయాలి.